సరస్సుకు సాక్షులు

(మన ఆలయ సంఘ వార్షికోత్సవంలో భాగంగా జరిగిన యువజన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ప్రసంగం ప్రధానంగా యువతీయువకులైన మీ కోసం. మీలో చాలామంది ఈ నేల మీదనే పుట్టారు. ఇక్కడి బడులలో చదివారు. తెలుగును ఇంట్లో విని, వారాంతపు తరగతులలో దిద్ది నేర్చుకున్నారు. నా మాటలలో ఎక్కడైనా తెలియని పదం తగిలితే ప్రక్కనున్న పెద్దలను అడగండి. అలా అడగడం కూడ నేటి విషయంలో ఒక భాగమేనని పోనుపోను మీకే తెలుస్తుంది.

నాకు ఇచ్చిన విషయం ఇది: చేతిలోని సెల్‌ఫోను సాయంతో ఊరి పార్కులోని ప్రకృతిని కనిపెట్టి ఉండే స్వచ్ఛంద సేవ. పేరు వినగానే ఇది సెలవు దినపు కాలక్షేపంగా తోచవచ్చు. ఇది అంతకు మించినదని చెప్పడానికి దూరదేశాల ఉదాహరణలు అక్కరలేదు. మన పొరుగున, ఓక్లాండ్ నగరం నడిబొడ్డున ఉన్న మెరిట్ సరస్సు చాలు.

మీలో పలువురు ఆ సరస్సు చుట్టూ ఉన్న సుమారు 3.4 మైళ్ల బాట మీద నడిచే ఉంటారు. దానిని సరస్సు అంటున్నాము గాని, అది నిజానికి సముద్రపు పోటుపాటులకు లోబడిన ఉప్పునీటి మడుగు. ఒక కాలువ ద్వారా శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతపు నీరు అందులోకి వస్తుంది, పోతుంది. 1870లోనే కాలిఫోర్నియా రాష్ట్రం దానిని వన్యప్రాణుల ఆశ్రయంగా చట్టం చేసి ప్రకటించింది. అమెరికాలో ప్రభుత్వం ప్రకటించిన వన్యప్రాణి ఆశ్రయాలలో ఇదే మొదటిదని చెప్పుకుంటారు. చలికాలం వచ్చేసరికి ఉత్తరదేశాల బాతులు వేల మైళ్లు ఎగిరివచ్చి అక్కడ విడిది చేస్తాయి. పక్షుల కోసమే కట్టిన చిన్న చిన్న దీవులు ఆ నీటి మధ్య ఉన్నాయి. చుట్టూ మేడలు, బస్సులు, ఆఫీసులు. మధ్యలో ఈ జీవలోకం.

2022వ సంవత్సరం ఆగస్టు నెల చివరలో ఆ నీటి మీద చచ్చిన చేపలు తేలాయి. పదులు కాదు, వందలు కాదు, వేల సంఖ్యలో. తీరపు బాట వెంట చారల బాస్ చేపలు, ఇసుక రంగు గోబీ చేపలు, రెక్కలు చాచినట్టుండే గబ్బిల తిరండి చేపలు, రాళ్ల మధ్య పీతలు. నడకకు వచ్చినవారు ముక్కులు మూసుకున్నారు.

కారణం కంటికి కనిపించనంత చిన్నది. హెటెరోసిగ్మా అకాషివో అనే సూక్ష్మశైవలం జూలై చివర నుండి అఖాతపు నీటిలో విపరీతంగా పెరిగింది. నీరు ఎర్రటి గోధుమ రంగుకు తిరిగింది. ఆ పెరుగుదల వలన నీటిలో కరిగి ఉన్న ప్రాణవాయువు క్షీణించి చేపలకు ఊపిరి అందలేదు. ఆ శైవలానికి ఆహారం ఎక్కడిది? నత్రజని, భాస్వరం. అవి అఖాతంలోకి చేరే దారులలో ముఖ్యమైనది మురుగునీటి శుద్ధి కేంద్రాల దారి. అఖాతం చుట్టూ అటువంటి కేంద్రాలు 30కి పైగా ఉన్నాయి. నీరు శుద్ధి అయిన తరువాత కూడ అందులో ఆ పోషకాలు మిగిలిపోతాయి. కనుక ఆ చేపల మరణంలో మన ఇళ్ల గొట్టాలకు కూడ ఎంతో కొంత భాగం ఉన్నదని నిజాయితీగా ఒప్పుకోవాలి.

ఇక్కడ మీరు గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. చచ్చిన చేప ఎక్కువ కాలం నిలువదు. గల్ల్ పక్షులు తింటాయి. పోటుపాటులు ఈడ్చుకుపోతాయి. దుర్వాసనకు తాళలేక నగర పాలకులు మనుషులను పెట్టి ఎత్తివేయిస్తారు. రెండు వారాలు గడిస్తే తీరం ఎప్పటివలె శుభ్రంగా ఉంటుంది. అప్పుడెవరైనా వచ్చి ‘ఎన్ని చేపలు పోయాయి? ఏ జాతులు? ఏ తీరంలో ముందు, ఏ తీరంలో తరువాత?’ అని అడిగితే బదులు చెప్పేదెవరు? అఖాతపు తీరం వందల మైళ్లు. అంతటా ఒకేసారి నిలబడి లెక్కించేంతమంది ఉద్యోగులు ఏ ప్రభుత్వ శాఖకూ ఉండరు.

ఆ పనికి సామాన్య ప్రజలు పూనుకున్నారు. ఐనాచురలిస్ట్ అనే యాప్‌లో ఈ చేపల మరణాల కోసమే ప్రత్యేకంగా ఒక ప్రాజెక్టు తెరిచారు. కుక్కను నడిపించే వారు, పరుగు తీసేవారు, పడవ నడిపేవారు, బడిపిల్లలు, ఎవరికి కనిపించిన కళేబరాన్ని వారు ఫొటో తీసి అందులో చేర్చారు. ఒక్కొక్క ఫొటోకు చోటు, తేదీ, వేళ జతపడ్డాయి. ఎక్కడెక్కడ ఏయే చేపలు చచ్చాయో తెలిపే పటం అలా కొద్ది రోజులలో తయారయింది.

ఆ మృతులలో శాస్త్రజ్ఞులను అన్నిటికంటె ఎక్కువ కలవరపెట్టినది స్టర్జన్ చేప. ఒంటి మీద ఎముక పలకలు గల ప్రాచీన జాతి అది. తెల్ల స్టర్జన్ నూరేండ్లు బ్రతకగలదు. ఆడచేపకు గుడ్లు పెట్టే వయస్సు రావడానికే పది సంవత్సరాలకు మించి పడుతుంది. ఆ తరువాత కూడ అది ఏటేటా గుడ్లు పెట్టదు. అటువంటి జాతిలో పెద్ద చేప ఒకటి పోతే, ఆ లోటు పూడడానికి ఒక తరం కావాలి. సర్వేలు, ప్రజల నివేదికలు కలిపి చూస్తే ఆ ఒక్క వేసవిలో 800కు పైగా స్టర్జన్ కళేబరాలు లెక్కకు వచ్చాయి. నీటి అడుగున మునిగిపోయినవి ఆ లెక్కలో లేవు.

తరువాత ఏమి జరిగింది? 2023 వేసవిలో ఆ శైవలం మళ్లీ కనిపించింది, కాని అంత తీవ్రంగా కాదు. 2024 జూన్‌లో కాలిఫోర్నియా రాష్ట్రం తెల్ల స్టర్జన్‌ను అంతరించే ప్రమాదమున్న జాతుల చట్టం క్రింద పరిశీలనకు స్వీకరించింది. అదే సంవత్సరం జూలైలో ప్రాంతీయ జలనాణ్యతా మండలి, శుద్ధి కేంద్రాలు ఎండకాలంలో అఖాతంలోకి వదిలే నత్రజనిని 2034 నాటికి 40 శాతం తగ్గించాలని ఉత్తరువు చేసింది. దీనికి వందల కోట్ల డాలర్ల వ్యయమవుతుంది. ఆ వ్యయం చివరకు మన నీటి బిల్లులలోకే వస్తుంది.

ఈ నిర్ణయాలన్నీ సెల్‌ఫోను ఫొటోల వలననే జరిగాయని నేను అనను. శాస్త్రజ్ఞులు ఏండ్ల తరబడి చేసిన నీటి పరీక్షలు, పర్యావరణ సంస్థల ఒత్తిడి, అధికారుల శ్రమ వాటి వెనుక ఉన్నాయి. నేను చెప్పదలచినది వేరు. అంత డబ్బు అడిగేటప్పుడు ‘నిజంగా ఏమి నష్టపోయాము?’ అని జనం తప్పక ప్రశ్నిస్తారు. ఆ ప్రశ్నకు చూపడానికి సాక్ష్యం ఉండాలి. ఆ సాక్ష్యంలో కొంత భాగాన్ని, చెప్పులు తడుపుకొని తీరం వెంట నడిచిన సామాన్యులు సమకూర్చారు. చూచినవారు చూచి ఊరకుంటే ఆ నష్టం దుర్వాసనతోపాటే మాసిపోయేది.

ఇక ఈ సాక్ష్యం ఎట్లా ఉండాలో ఆలోచిద్దాము. మన ఆలయంలో ఏ పూజ చేయించుకున్నా ముందుగా సంకల్పం చెబుతారు కదా. ఏ ఖండంలో, ఏ ప్రాంతంలో, ఏ నదుల చెంత ఉన్నామో చెబుతారు. ఏ సంవత్సరం, ఏ ఋతువు, ఏ మాసం, ఏ పక్షం, ఏ తిథి, ఏ వారమో చెబుతారు. ఆ తరువాత గోత్రనామాలతో కర్త ఎవరో చెబుతారు. ఇవన్నీ పలికిన తరువాతనే పని మొదలవుతుంది. అమెరికాలోని ఆలయాలలో దేశాన్ని తెలిపే మాటలను ఇక్కడికి తగినట్లు మార్చి చెబుతారని మీరు వినే ఉంటారు. అంటే మన పెద్దలు కృష్ణాగోదావరుల నడుమ ఉన్నట్లు నటించలేదు. ఉన్న చోటునే చెప్పుకున్నారు.

ప్రకృతి పరిశీలనకు కావలసినవి కూడ ఆ మూడే: ఎక్కడ, ఎప్పుడు, ఎవరు. వాటికి నాలుగవదిగా ఆధారం చేరుతుంది. అది ఫొటో కావచ్చు, ధ్వని కావచ్చు. ‘ఈమధ్య ఎక్కడో ఒక వింత పిట్టను చూచాను’ అన్న మాట కబురు మాత్రమే. ‘ఫలానా తేదీన, ఉదయం ఏడు గంటలకు, సరస్సు ఈశాన్యపు ఒడ్డున, నేను, ఇదిగో ఫొటో’ అన్న మాట సాక్ష్యం. ఈ రెంటికీ నడుమ ఉన్న దూరమే నేటి నా ప్రసంగ సారాంశం.

ఈ పనికి ఉపకరించే సాధనాలు ఎట్లా పనిచేస్తాయో కొంచెం తెలుసుకోండి. ఐనాచురలిస్ట్ మనకు దూరపుది కాదు. 2008లో బర్కిలీ విశ్వవిద్యాలయంలో ముగ్గురు విద్యార్థులు తమ మాస్టర్స్ పట్టా కోసం చేసిన ప్రాజెక్టుగా అది మొదలయింది. అనంతరం కొన్నేళ్లు శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా అకాడమీ ఆఫ్ సైన్సెస్ నీడన పెరిగి, 2023లో స్వతంత్రమైన లాభాపేక్ష లేని సంస్థగా నిలిచింది. మీరు ఫొటో చేర్చగానే యంత్రం పోలికలను బట్టి, ఆ ప్రాంతంలో ఇదివరకు కనిపించిన జాతులను బట్టి కొన్ని పేర్లు సూచిస్తుంది. అది సూచన మాత్రమే; తీర్పు కాదు. తరువాత ఆ జాతులు తెలిసిన మనుషులు చూచి తమ అభిప్రాయం చెబుతారు. ఫొటో, చోటు, తేదీ సరిగా ఉండి, చెప్పినవారిలో మూడింట రెండు వంతులకు మించి ఒకే జాతి పేరు మీద ఏకీభవిస్తే, దానిని పరిశోధనకు తగిన పరిశీలనగా గుర్తిస్తారు. తగిన అనుమతి ఇచ్చినవారి పరిశీలనలు ప్రపంచ జీవవైవిధ్య సమాచార నిధికి చేరి, ఏ దేశపు పరిశోధకునికైనా అందుబాటులో ఉంటాయి. పదునాలుగేళ్ల పిల్ల పెట్టిన ఫొటోను మరొక ఖండంలోని నిపుణుడు సరిచూస్తాడు. అక్కడ వయస్సును, ఇంటిపేరును ఎవరూ అడగరు. ఆధారాన్ని అడుగుతారు.

యంత్రం చెప్పినదానినల్లా మారు ఆలోచన లేకుండా అంగీకరించడం ఈ సేవలో పెద్ద దోషం. ఆకు ఒక్కటే కనిపించే ఫొటోకు యంత్రం ఏదో ఒక పేరు చెబుతుంది. పువ్వు, కాయ, కాండం, ఆకు అడుగు వైపు, ఇన్ని ఫొటోలు ఇస్తే మనిషి నిశ్చయంగా చెప్పగలడు. తెలియకపోతే ‘ఇది సీతాకోకచిలుక’ అని అంతవరకే వ్రాయండి. జాతి పేరు తెలిసినవారు తరువాత చేరుస్తారు. మరొక మాట. మనిషి నాటినదానిని, పెంచినదానిని అలా నాటినది, పెంచినది అని గుర్తు పెట్టాలి. మన ఆలయ ప్రాంగణంలోని తులసికోటలో ఉన్న తులసి ఈ నేలలో తనంతట మొలిచినది కాదు. ఆ సంగతి చెప్పకుండా చేర్చితే, కాలిఫోర్నియాలో తులసి అడవిమొక్కగా పెరుగుతున్నదని ఎవరైనా పొరబడవచ్చు.

పక్షుల కోసం ఈబర్డ్ అనే మరొక సాధనం ఉన్నది. కార్నెల్ పక్షిశాస్త్ర ప్రయోగశాల, ఆడుబాన్ సంఘం కలిసి 2002లో దానిని ప్రారంభించాయి. అందులో సంపూర్ణమైన జాబితా అని ఒక పద్ధతి ఉన్నది. ఒక బాట వెంట అరగంట నడిచి, మీరు గుర్తించగలిగిన ప్రతి పక్షినీ, అరుదైనదైనా, మామూలు కాకియైనా, వదలకుండా వ్రాయాలి. దాని విలువ ఎక్కడున్నదో తెలుసునా? ఆ జాబితాలో లేని పేరు కూడ అప్పుడు ఒక సమాచారమవుతుంది. వింత పక్షులను మాత్రమే వ్రాసేవారి లెక్కలో మామూలు పక్షి తగ్గిపోతున్న సంగతి ఎన్నటికీ బయటపడదు. భారతదేశంలో 2023లో వెలువడిన పక్షుల స్థితి నివేదికకు 30,000 మందికి పైగా పక్షి పరిశీలకులు చేర్చిన 3 కోట్లకు పైబడిన పరిశీలనలు ఆధారం. అందులో హైదరాబాదు చెరువుల గట్ల మీద, గోదావరి లంకలలో నిలబడి లెక్కించిన తెలుగువారి పాలు కూడ ఉన్నది.

ఒక జీవిని చూచి, దాని ఉనికిని రుజువు చేయడం వలన ఏమి ఒరుగుతుందని సందేహించేవారికి మన కడప జిల్లా కథ ఒకటి చెబుతాను. జెర్డాన్ అనే ఆంగ్లేయ వైద్యుడు 19వ శతాబ్దంలో లోకానికి తెలిపిన ఒక పక్షి 1900 తరువాత ఎవరికీ కనిపించలేదు. అది అంతరించిపోయిందని పండితులు భావించారు. 1986లో రెడ్డిపల్లి దగ్గరి ముళ్లపొదల అడవిలో అది సజీవంగా దొరికింది. అది రాత్రి తిరిగే పిట్ట. దానిని పట్టి చూపగలిగినది ఆ అడవిని ఎరిగిన స్థానిక వేటగాడు. అక్కడివారు దానిని కలివికోడి అంటారు. గ్రంథాలలో లేకుండాపోయిన పక్షి ఆ ఊరి భాషలో పేరుతో సహా బ్రతికే ఉన్నది! రుజువు దొరికిన తరువాత ఆ ప్రాంతంలో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. తరువాతి కాలంలో తెలుగుగంగ కాలువ ఆ పక్షి ఉండే పొదల మీదుగా పోబోతే, కాలువ దారినే మార్చారు. చేనికి నీరిచ్చే కాలువను ఒక చిన్న పిట్ట కోసం ప్రక్కకు జరిపిన చరిత్ర మనకున్నది. ‘ఇక్కడ ఉన్నది’ అని ఒకరు నిరూపించబట్టి కదా అది సాధ్యమయింది.

ఆ కథలో మీరు మరువరానిది ఆ స్థానికుని పాత్ర. తెలిసినవారు ఒకరు, వ్రాయగలవారు ఒకరు. ఇద్దరూ కలిసినప్పుడే జ్ఞానం నిలిచింది. అటువంటి జంట మీ ఇళ్లలోనే ఉన్నది. ఏటా మీ అమ్మమ్మలు, నాన్నమ్మలు, తాతగార్లు ఆరు నెలల వీసా మీద వస్తారు. మీరు బడికి, అమ్మానాన్నలు ఆఫీసులకు పోతే, వారు సాయంకాలం దగ్గరి పార్కులో నడుస్తారు. వారికి కారు నడపడం రాదు. ఇక్కడి ఇంగ్లీషు ఉచ్చారణ అంతుపట్టదు. కాని బాట ప్రక్కన పాకిన గడ్డిని చూచి ఇది గరిక అని చెప్పగలరు. అది నిజంగా గరికయే. ఇక్కడివారు దానిని బెర్ముడా గడ్డి అంటారు. వినాయకచవితి నాటి 21 పత్రులలో అది ఒకటి. రహదారుల నడుమ గులాబి, తెలుపు పూలతో బారులు తీరిన పొదలు గన్నేరు. పత్రులలో అదీ ఒకటి. కొన్ని వీధులలో కొమ్మలు వాల్చి నిలిచిన పెద్ద వృక్షం హిమాలయాల నుండి వచ్చిన దేవదారు. పెరళ్లలో దానిమ్మ ఉండనే ఉన్నది. పొడినేలల మీద తెల్లని పెద్ద పూలతో కనిపించే ఉమ్మెత్త ఈ ఖండపు సొంత మొక్క. మన పత్రులలోని ఉమ్మెత్తకు దాయాది. గన్నేరు, ఉమ్మెత్త విషపూరితాలు కనుక చూచి ఫొటో తీయండి, నోటి దగ్గరకు రానీయకండి. ఏ మొక్క పూజకు, ఏది వైద్యానికి, ఏది దూరంగా ఉంచడానికి అనే విచక్షణ కూడ ఆ పెద్దల దగ్గర ఉన్నది.

మెరిట్ సరస్సు దీవులలో కనిపించే రాత్రి కొంగ విషయమూ అంతే. నల్లటి నెత్తి, ఎర్రటి కన్ను, మెడ ముడుచుకొని కూర్చునే పొట్టి కొంగ. మూడవ తరగతి పిల్లలు పట్టుబట్టి అడగగా 2019లో ఓక్లాండ్ నగరం దానిని తన అధికారిక పక్షిగా ప్రకటించింది. ఆ కొంగయే, అదే జాతి, మన తెలుగు చెరువుల గట్ల చెట్ల మీద కూడ గూళ్లు కడుతుంది. మీ తాతగారు చిన్ననాడు చూచిన పక్షిని మీరు ఇక్కడ చూస్తున్నారు. ఆ సంగతి ఆయనను అడిగితేనే తెలుస్తుంది.

కనుక మీకు ఒక పని అప్పగిస్తున్నాను. ఐనాచురలిస్ట్‌లో ఒక్కొక్క జాతికి లోకంలోని భాషలన్నిటిలోనూ వాడుక పేర్లు చేర్చవచ్చు. తెలుగు కూడ ఆ భాషలలో ఒకటి. మీరు ఫోను పట్టుకోండి; పెద్దలు పేరు చెబుతారు. ఆ పేరు ఏ జిల్లా వాడుకయో అడగండి. మరొక ఇద్దరిని అడిగి సరిచూడండి. నిశ్చయమైన తరువాత తెలుగు లిపిలో చేర్చండి. శ్రీకాకుళంలో ఒక పేరు, చిత్తూరులో మరొక పేరు ఉంటే రెండూ విలువైనవే. పేర్లు ఎరిగిన తరం మన మధ్య ఎంతో కాలం ఉండదు. స్టర్జన్ వలెనే ఆ జ్ఞానం పోగుపడడానికి కూడ జీవితకాలం పట్టింది. పోవడానికి మాత్రం ఎవరూ అడగకపోవడం చాలు.

ఈ సేవకు కొన్ని నియమాలు ఉన్నాయి. గూడు దగ్గరకు పోరాదు. ఫొటో కోసం తల్లిపక్షిని లేపితే గుడ్లు చల్లబడతాయి, కాకులు ఎత్తుకుపోతాయి. ఫోనులో పక్షి కూత వినిపించి దానిని రప్పించరాదు. తన చోటును మరొకటి ఆక్రమించిందని భ్రమపడి అది అలసిపోతుంది. రాయిని ఎత్తితే ఎత్తిన చోటనే మెల్లగా పెట్టాలి. బాట వదలి మొక్కలను తొక్కరాదు. అపాయంలో ఉన్న జాతుల విషయంలో యాప్ కచ్చితమైన చోటును దాచి, దాదాపు 20 కిలోమీటర్ల విశాల ప్రాంతంగా మాత్రమే చూపుతుంది. మీరు ఆ చోటును నలుగురిలో చాటి ఆ రక్షణను వమ్ము చేయకండి. మీ ఇంటి పెరటిలో తీసిన ఫొటోలకు కూడ చోటును మరుగుపరచండి. పదమూడేళ్లు నిండని పిల్లలకు సీక్ అనే యాప్ తగినది. దానిలో ఖాతా తెరవకుండానే మొక్కలను, పురుగులను గుర్తించి నేర్చుకోవచ్చు.

తల్లిదండ్రులు ఒక మాట అంటారని నాకు తెలుసు. ‘రోజంతా ఆ ఫోనే, పార్కులో కూడ అదేనా?’ అని. ఆ చింత న్యాయమైనదే. నా సమాధానం ఇది. ఈ పనిలో ఫోను జేబులో ఉండే సమయమే ఎక్కువ. ముందు చూడాలి, వినాలి, ఓపికగా నిలబడాలి. ఫోను ఆ తరువాత అర నిమిషం చాలు. పది నిమిషాలు కదలకుండా నిలబడని వాని ఫోనులో కొంగ పడదు.

లెక్కించినంత మాత్రాన ఏ జీవీ బ్రతకదు. ఫొటో తీసినందువలన నీటిలోకి ప్రాణవాయువు రాదు. మన లెక్కలలో లోపాలు కూడ ఉన్నాయి: జనం నడిచే చోట్ల నుండి ఎక్కువ పరిశీలనలు వస్తాయి, నడవని చోట్ల నుండి రావు, శని ఆదివారాలలో ఎక్కువ, పనిదినాలలో తక్కువ. వాటిని శాస్త్రజ్ఞులు లెక్కలతో సరిదిద్దుకోవలసి ఉంటుంది. అయినప్పటికీ, ఒకే బాట మీద ఏండ్ల తరబడి ఆగకుండా జరిగిన పరిశీలన ముందు ఏ గొప్ప యంత్రమూ చాలదు. ఏ వారంలో కాలిఫోర్నియా పాపీ పూచింది, ఏ నాటికి చలికాలపు బాతులు వచ్చాయి, ఏ సంవత్సరం రాలేదు అన్నది అటువంటివారే చెప్పగలరు.

అందుచేత నా కోరిక స్వల్పమైనది. మీ ఇంటికి దగ్గరి పార్కు ఒకటి ఎంచుకోండి. అందులో ఒక బాట ఎంచుకోండి. నెలకొక ఆదివారం, ఆలయానికి వచ్చే ముందో, వెళ్లిన తరువాతనో, ఒక గంట ఆ బాట మీద నడవండి. ఇంటిలో పెద్దలుంటే వెంట తీసుకువెళ్లండి. కనిపించినదానిని కనిపించినట్లు వ్రాయండి. ప్రతి సంవత్సరం ఏప్రిల్ చివర సిటీ నేచర్ ఛాలెంజ్ జరుగుతుంది. 2016లో లాస్‌ఏంజెలిస్, శాన్‌ఫ్రాన్సిస్కో నగరాల పోటీగా మొదలై, నేడు పలు ఖండాల నగరాలకు వ్యాపించింది. ఆ నాలుగు రోజులలో మన ఆలయ యువజనులు ఒక జట్టుగా పాల్గొంటే చూడాలని నాకున్నది. అయితే ఆ నాలుగు రోజుల ఉత్సాహం కంటె, మిగిలిన పదకొండు నెలల నిలకడ గొప్పదని మరువకండి.

మీలో కొందరిని బడిలోనో వీధిలోనో ‘మీరు అసలు ఎక్కడివారు?’ అని అడిగి ఉంటారు. దానికి అనేక సమాధానాలు ఉండవచ్చు. ఒక నేలలో ఏ చెట్టు ఎప్పుడు పూస్తుందో, ఏ పక్షి ఎప్పుడు వస్తుందో, ఏ నీటిలో ఏది చచ్చిందో తెలిసినవాడు, దానిని తన పేరుతో చెప్పగలవాడు, ఆ నేలకు అతిథి కాడు. సంకల్పంలో ఈ దేశాన్ని, ఈ కాలాన్ని ఎలుగెత్తి చెప్పుకున్న మనకు, ఆ చెప్పిన చోటు ఎట్లా ఉన్నదో చూచుకొనే బాధ్యత కూడ ఉన్నది. దానిని మీరు నా తరం కంటె బాగా నిర్వహించగలరని నా నమ్మకం.